నేను ముట్టని కాగితాలు

సహోదరులారా, సహోదరీలారా, లాక్‌డౌన్ పెట్టిన ఏడాది పోర్ట్ క్లాంగ్‌లో నేను పనిచేసే గోడౌను మూసేశారు. కంటెయినర్లలోంచి దిగే పెట్టెలు లెక్కపెట్టి రాసుకోవడం నా పని, ముప్ఫై ఏళ్ళు అదే చేశాను, అప్పటికి నాకు యాభై ఎనిమిది, చేతిలో ఒక ఉత్తరం పెట్టి సరుకు రావడం లేదు మన్నించండి అని పంపేశారు. ఆ వయసులో నన్ను ఎవరు పెట్టుకుంటారు చెప్పండి. లారీలు ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి, చివరికి మన మందిరానికి కూడా తాళం పడింది, క్లాంగ్‌లోని మా చిన్న ఫ్లాటులో నేనూ మా ఇంటావిడ మార్తమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఆ నెలల్లో నా కంటి మీద కునుకు లేదు అని రాయబోయి ఇప్పుడే కొట్టేశాను, ఎందుకంటే నిద్ర బాగానే పట్టేది, పొద్దున లేచి చొక్కా తొడుక్కున్నాక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చేది చూడండి, అప్పుడు గుండె జారిపోయేది. నేను ఇలా మధ్యమధ్య దిద్దుకుంటుంటే విసుక్కోకండి, పెంచి చెప్పే జబ్బు నుండే దేవుడు నన్ను విడిపించాడు, ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మనం ఉండే ఈ మలయ్ దేశంలో పని పోయినవాళ్ళకు కొన్ని నెలలపాటు గవర్నమెంటు భత్యం ఇస్తుందని మీలో చాలామందికి తెలుసు, మనం పనిలో ఉన్నప్పుడు జీతంలోంచి కొంచెం కొంచెం కట్టించుకున్నదే అలా తిరిగి వస్తుంది. దానికి ఒక షరతు ఉంది. ఈ వారం ఎక్కడెక్కడ పని అడిగాం, ఎవరిని అడిగాం, వాళ్ళేమన్నారు అని వారంవారం ఫోన్లో ఫారం నింపి పంపాలి, పంపకపోతే భత్యం ఆగిపోతుంది. ఆ ఫారాన్ని మేం ఇక్కడ మలయ్ మాటలో బోరాంగ్ అంటాం. ఆ భత్యంతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. కానీ నెలలు గడిచిపోయాయి, పని దొరకలేదు, భత్యం ముగిసే రోజు దగ్గరపడింది. అప్పుడు నేను వంటింటి గుమ్మం దగ్గర మోకరించి ఇలా ప్రార్థన చేశాను: "తండ్రీ, నేను ముసలివాణ్ణి, బరువులు మొయ్యలేను, కంప్యూటరు రాదు, లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు. అరణ్యంలో నీ జనులకు పొద్దున్నే మన్నా కురిపించావు, నాకు ఇంకో మూడు నెలలు ఇవ్వు, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం."

వారం తిరక్కముందే టీవీలో చెప్పారు, దేశంలో పనులు లేవు గనుక భత్యం అయిపోతున్నవాళ్ళకు ఇంకో మూడు నెలలు పొడిగిస్తున్నామని. నేను ఏడ్చాను. ఇది నిజం, మార్తమ్మ సాక్షి. ఆయన నా మొర విన్నాడని ఆ రోజు నమ్మాను, ఈ రోజూ నమ్ముతున్నాను, దేవునికే మహిమ.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ సాక్ష్యం ఇక్కడే ముగిసేది.

ఆ దినాల్లో ఆదివారం ఆరాధన ఫోన్లోనే జరిగేది, తెరమీద గళ్ళు గళ్ళుగా అందరి మొహాలూ కనిపించేవి. పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యం చెబుతారా అనగానే నేను గొంతు సవరించుకున్నాను. ఇరవయ్యొక్క రోజులు నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా ఉపవాసం ఉన్నానన్నాను. గవర్నమెంటుకు ఒక్క కాగితం పంపలేదు, ఒక్క బోరాంగ్ ముట్టలేదు, కాగితం మీద ఆనుకోవడం అవిశ్వాసం, సాతాను మనకు కాగితం చూపించి భయపెడతాడు, నేను పరలోకానికే అర్జీ పెట్టుకున్నాను, దేవుడు మంత్రుల హృదయాలు తిప్పి నా కోసం దేశమంతటికీ పొడిగింపు తెచ్చాడు అన్నాను. స్తోత్రాలు మోగిపోయాయి సహోదరులారా, పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తెర పక్కన మార్తమ్మ మొహం కనిపించలేదు, ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఉపవాసం మూడు రోజులు, మూడో రోజున టీ తారిక్, అదే ఇక్కడి పాల టీ, తాగాను, బిస్కెట్లు కూడా తిన్నాను. బోరాంగ్ ముట్టలేదన్నది అక్షరాలా నిజమే, ఎందుకంటే ముట్టింది మార్తమ్మ. ప్రతి శుక్రవారం పొద్దున ఆమె ఫోను ముందు కూర్చుని, నన్ను పిలిచి, ఈ వారం ఎక్కడ అడిగావో చెప్పు అని, నేను చెప్పింది ఒక్కొక్క అక్షరం వెదుక్కుంటూ కొట్టి పంపేది. పొడిగింపు వచ్చాక కూడా అలాగే పంపుతూ ఉంది. నా సాక్ష్యంలో ఆమె పేరు లేదు, ఆమె కష్టాన్ని చెరిపేసి దాని మీద నా విశ్వాసం అని రాసుకున్నాను.

నాలుగు వారాలు గడిచాయి. మా ఫ్లాట్లలోనే రెండు అంతస్తుల కింద మన సంఘపు సహోదరి కరుణమ్మ ఉంటుంది, భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలనూ మంచం పట్టిన అత్తగారినీ ఒక్కతే పోషించేది, ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పని. హోటళ్ళు మూసేశాక ఆమెకూ నాలాగే భత్యం, నాలాగే పొడిగింపు. ఒక బుధవారం ఆమె మార్తమ్మకు ఫోన్ చేసింది, మార్తమ్మ కూర తరుగుతూ స్పీకరు పెట్టింది.

"వదినా, అన్నయ్య ఉపోసం ఇరవయ్యొక్క రోజులేనా, ఇంకా ఎక్కువా? నాను తొమ్మిది రోజులు సేసినాను, లేస్తే కళ్ళు తిరగతన్నాయి. ఇంకా రానేదు."

"ఏటి రానేదు?"

"పొడిగింపు డబ్బులు వదినా. అన్నయ్య సాచ్చెం ఇన్న కాడి నుంచి నాను బోరాంగ్ పంపడం మానేసినాను కదా. పంపితే నమ్మకం నేనట్టే కదా. ఈ శుక్రవారం లోపల పాత వారాలయి కూడా పంపకపోతే పొడిగింపు మూసేస్తామని మెసేజీ వచ్చినాది. ఇది సైతాను పని, నాను బయపడను."

మార్తమ్మ కత్తి కింద పెట్టింది. "బయపడకు గానీ ముందు కొంచెం గంజి తాగు, మళ్ళీ మాటాడతాను" అని ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇన్నావా? నీ సాచ్చెం దాని పిల్లల కూడు తినేసినాది. ఎల్లి నిజం సెప్పు."

"రేపు సెప్తాలే."

"రేపంటావు, ఎల్లుండంటావు, శుక్రవారం ఎల్లిపోద్ది."

మెట్లు దిగాను. దిగుతున్నప్పుడే నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది, పరువు పోకుండా పని జరిగే దారి ఒకటి ఉందని. కరుణమ్మ మాస్కు పెట్టుకుని తలుపు తీసింది, మనిషి సగమైపోయింది.

"సెల్లీ" అన్నాను, "ఈ పొద్దున నాకు దర్సనం వచ్చినాది. నీ బోరాంగ్ పంపమని పెబువు సెప్పినాడు."

"దర్సనంలో నాను కనిపించినానా అన్నయ్యా?"

"కనిపించినావు."

"ఏ రంగు సీర కట్టినాను?"

"పచ్చది."

"నాకు పచ్చసీర నేదు" అని నవ్వింది. "నా మీద జాలేసి సెప్తన్నావు. నువ్వే కదా సెప్పినావు, కాగితం మీద ఆనుకోడం అవిస్వాసమని. ఎల్లన్నయ్యా, నా కోసం పార్దన సెయ్యి."

తలుపు వేసేసింది. ఒక అబద్ధాన్ని సరిదిద్దడానికి ఇంకో అబద్ధం తీసుకెళ్ళాను, రెండోది మొదటిదాని ముందు నిలవలేదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆమె అన్నం మానేసి ఎదురుచూస్తున్నది దేవుడి కోసం కాదు, నేను అల్లిన దేవుడి కోసం. ప్రభువా, నన్ను సిగ్గుపడనివ్వకు అని అడగబోయాను, ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. చివరికి ఇలా అన్నాను: "ప్రభువా, ఈ ఒక్కసారి నన్ను సిగ్గుపడనివ్వు, నా మాట కంటే నీ మాట ఆమె చెవికి ముందు చేరేటట్టు చెయ్యి."

గురువారం సాయంత్రం ఫోన్లో ప్రార్థన కూడిక. పాస్టరుగారికి ముందే చెప్పాను, నాకు అయిదు నిమిషాలు కావాలని. ఉపవాసం మూడు రోజులని చెప్పాను, టీ సంగతి చెప్పాను, బోరాంగ్ మార్తమ్మ పంపిందని, ఒక్క వారం కూడా మానలేదని, పొడిగింపు వచ్చాక కూడా పంపిందని, నిన్న కరుణమ్మకు చెప్పిన దర్శనం కూడా అబద్ధమని చెప్పాను. ఒక పెద్దాయన అలవాటు చొప్పున స్తోత్రం అనేసి, నాలిక కరుచుకున్నారు. కరుణమ్మ గడి నల్లగా అయిపోయింది, ఆమె ఫోన్ కట్టేసింది. పాస్టరుగారు, "అన్నయ్యా, ఆ రోజు మీ మాటకు అందరికంటే ముందు ఆమేన్ అన్నది నేనే, నన్ను కూడా దేవుడు క్షమించాలి" అన్నారు.

మర్నాడు, గడువు రోజున, పొద్దున్నే తలుపు చప్పుడైంది. కరుణమ్మ, చేతిలో ఫోను.

"అన్నయ్యా, పదకొండు రోజులు నాను కోపి కూడా తాగనేదు. నువ్వు ఏ బిస్కెట్లు తిన్నావో సెప్పు, ఇనాలని ఉన్నాది."

"కొబ్బరివి" అన్నాను తలవంచుకుని.

"ఎన్ని?"

"నాలుగు." మార్తమ్మ చూసింది. "తొమ్మిది."

ఆమె నవ్విందో ఏడ్చిందో మాస్కులో తెలియలేదు. మార్తమ్మ ముందు ఆమె చేత గంజి తాగించింది, తర్వాత తలుపుకు అటూ ఇటూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆగిపోయిన నాలుగు వారాలు. కరుణమ్మ పని అడగడం మానలేదు సహోదరులారా, రాసి పంపడం ఒక్కటే మానింది. ఆమె గుర్తు చేసుకుని చెబుతుంటే నేను కాగితం మీద వరసగా రాశాను, మార్తమ్మ దాన్ని చూసి ఫోన్లో కొట్టింది. మొదటి వారం ఒక లాండ్రీ, ఒక సూపర్‌మార్కెట్టు, ఒక కూరల దుకాణం. రెండో వారం రెండు చోట్లు, మూడో వారం రెండు. నాలుగో వారం దగ్గర ఆమె ఆగింది.

"ఆ వారం ఒక్కచోటే ఎల్లినాను. ఉపోసంలో నడవలేకపోయినాను."

నా కలం ఆగిపోయింది. ఒకటి అని రాస్తే ఆఫీసువాళ్ళు ఏమంటారో అని భయం వేసింది, మూడు అని రాస్తే ఎవరికీ తెలియదు, ఆమె నడవలేకపోయింది నావల్లే గనుక ఆ రెండూ నేను కలిపితే తప్పేమిటని కూడా అనిపించింది. "మూడని రాద్దాం, బాగుంటాది" అని నోటిదాకా వచ్చేసింది, వచ్చేసింది కాదు, అనేశాను.

"ఒకటే రాయన్నయ్యా" అంది కరుణమ్మ. "పోతే పోనీ. నీ అబద్దం మీద పన్నెండో రోజు నాను బతకలేను."

ఒకటి అని రాశాను. నా జీవితంలో నేను రాసిన అంకెల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు. ఆలస్యానికి కారణం ఏమిటో రాయడానికి కింద చిన్న గడి ఉంది, అందులో "మా సంఘంలో ఒక పెద్దమనిషి కాగితాలు పంపనక్కర్లేదని చెబితే నమ్మాను, అది తప్పని ఆయనే ఒప్పుకున్నాడు, అడగాలంటే ఆయన నంబరు ఇది" అని మలయ్‌లో రాయించి, నా నంబరు పెట్టించాను. మధ్యాహ్నానికి పంపారు.

శని, ఆది, సోమ. ఫోన్ మోగితే చాలు, ఆఫీసువాళ్ళేమోనని పరుగెత్తి చూసేవాణ్ణి. మంగళవారం కరుణమ్మ మెట్లెక్కి వచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి మార్తమ్మకు ఫోను చూపించింది. అందింది, ఒప్పుకున్నాం, పొడిగింపు కొనసాగుతుంది అని ఉంది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఏడ్చారు, అప్పట్లో దూరం పాటించాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నన్ను ఆఫీసు నుంచి ఎవరూ పిలవలేదు. కానీ ఆ చిన్న గడిలోని మాట చదివి ఎవరో ఒకరు జాలిపడ్డారు, ఆ మనిషి పేరు నాకు తెలియదు, ఆయనకో ఆవిడకో ఈ రోజుకీ ప్రార్థనలో వందనాలు చెబుతాను.

ఆ మూడు నెలలు కరుణమ్మ ఇంట్లో అన్నం ఉడికింది, తర్వాత హోటలు తెరిచారు, మళ్ళీ ఆమెను పిలిచారు. నాకు ఒక కూరగాయల టోకు దుకాణంలో బుట్టలు లెక్కపెట్టే పని దొరికింది. పొడిగింపు తెచ్చింది నా ఉపవాసం కాదు, దేశంలో నాలాంటివాళ్ళు ఎంతమంది ఏడ్చారో, ఎవరెవరు కూర్చుని ఆలోచించారో, ఆ అందరి చేతులనూ ఆయన వాడుకున్నాడు, మార్తమ్మ చేతులతో సహా. దేవునికే మహిమ, నిజంగా ఆయనకే, ఈసారి నా వాటా ఏమీ తీసుకోలేదు. అబద్ధమాడే బుద్ధి పూర్తిగా పోయిందని చెప్పను, కొన్నిసార్లు ఇంకా నోటిదాకా వస్తుంది, కానీ దాన్ని ఆపేవాళ్ళను ఆయన నా చుట్టూ పెట్టాడు, అదే నా విడుదల.

ప్రియులారా, మీలో ఎవరికైనా ఈ మధ్య పని పోయి ఉంటే, ఇంట్లో ఎలా గడుస్తుందోనని దిగులుగా ఉంటే, ఆయన్ని నమ్మండి, ఆయన మిమ్మల్ని మరిచిపోలేదు. మోకరించి అడగండి, లేచాక ఫోన్ తీసి ఫారం పంపండి. ఎలా నింపాలో తెలియకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక వెనక వరసలో మార్తమ్మా కరుణమ్మా కూర్చుని ఉంటారు, ఇప్పటికి ఎంతోమందికి నింపి పెట్టారు, సిగ్గుపడకుండా వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. నన్ను మాత్రం ఏమీ అడగకండి, నేను టీ కాచి తెచ్చి ఇస్తాను.