మిగిలిన సున్నం

మా నాన్నమ్మ సమాధి ఏదో సోమవారంలోగా చెప్పమన్నారు. సమాధుల తోట గోడ వెంబడి కాలువ వస్తోందట. గోడవార వరుసలో ఎవరిది వాళ్లు చూపిస్తే ఎముకలు తీసి అవతలి వైపు పాతిపెడతారు. ఎవరూ చూపించనివి కాలువ కిందకి పోతాయి. చర్చి కమిటీ పెద్ద ఫోన్లో ఈ సంగతి చెప్పి, "ఖాయంగా తెలిస్తేనే సెప్పమ్మా. తవ్వినాక కాదంటే ఏటి సేస్తాం?" అన్నారు.

"ఖాయంగానే తెలుసండీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక మొదలైంది అనుమానం.

ఆ వరుసలో ఓ మూల పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పేర్లు లేవు. చెక్కించే స్తోమత ఆ రోజుల్లో ఎవరికుంది? ఈస్టరు ముందురోజు మా వాళ్లంతా వెళ్లి సున్నం వేస్తాం, పండగనాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పెడతాం. మన పక్కన దిక్కులేని సమాధి ఉంటే మిగిలిన సున్నం దానికి కొట్టాలి. పండగపూట ఏదీ బోసిగా ఉండకూడదని మా వాళ్ల పద్ధతి. మా నాన్న పెద్దది నాన్నమ్మదని దానికి రెండు పూతలు వేసి, "ఎవరి బిడ్డో పాపం" అంటూ బకెట్టు అడుగున మిగిలింది చిన్నదానికి కొట్టించేవాడు. ఆయన పోయాక నేనూ అలాగే చేస్తున్నాను.

అది నాన్నమ్మదని ఎలా తెలుసని అమ్మని అడిగితే, "మీ నాన్నే సెప్పినారు" అంది. నాన్నమ్మ పోయేనాటికి నాన్న పాలు తాగే పిల్లాడు. పాలు తాగే పిల్లాడికి ఏ గొయ్యి గుర్తుంటుంది? వంశవృక్షం గీస్తున్నానని చుట్టాలందరి చెవుల్లో జోరీగలా తిరిగినదాన్ని, ఈ ముక్క నా బుర్రకి ఇన్నాళ్లూ తట్టనే లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఇంటర్నెట్టంతా వెతికాను. చర్చి పుస్తకాలు తిరగేశాను. ఎవరు ఎప్పుడు పోయారో వాటిలో ఉంటుంది గాని, ఏ మూల పూడ్చారో ఉండదు.

ఇక మిగిలింది గరివిడిలో మా మేనత్త. తల్లి పోయేనాటికి ఆవిడకి ఊహ తెలిసింది. బస్సెక్కి వెళ్లి, మంచినీళ్లయినా తాగకుండా ఫోన్లో పెద్దదాని ఫోటో చూపించాను.

"నాన్నమ్మది ఇదేనా అత్తా?"

"అదేనే."

ఊపిరి పీల్చుకున్నాను. అయినా అనుమానం పీకి, చిన్నదాన్నీ చూపించాను. "పోనీ, ఇదా?"

"అదీ అవుద్ది. ముందు అన్నం తిను."

నా ప్రాణం ఉసూరుమంది. ఒళ్లు మండింది కూడా. కంచం ముందు కూర్చున్నాక తెలిసింది, తప్పు ఆవిడది కాదు. జవాబు నేనే నోటికి అందిస్తే ఆవిడ కాదని ఎందుకంటుంది? పుట్టింటి నుంచి వచ్చిన పిల్లని మా వాళ్లు ఉత్త చేతులతో పంపరు. ఏమీ లేకపోతే అవునన్న మాటయినా పెట్టి పంపుతారు.

ఫోన్ బోర్లా పెట్టేశాను. సమాధి ఊసే ఎత్తలేదు. "ఆ రోజు నీకేం గుర్తుంది అత్తా?" అని అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతకాని పని. సోమవారం గుర్తొచ్చినప్పుడల్లా నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగుతూ కూర్చున్నాను.

చాలాసేపటికి అత్తే నోరు విప్పింది.

"వాన. మీ నాన్న నా సంకలో ఉన్నాడు, పాలకి ఒకటే ఏడుపు. కొండవార నేల కదా, కాసింత తవ్వగానే రాయి తగిలేసినాది. ఎంత కొట్టినా కదల్నేదు. సీకటి పడిపోతన్నాది. ఇంక సేసీది నేక మాయమ్మని కాళ్లు మడిసి పెట్టినారు. పొడుగు మనిషే మాయమ్మ. నీలాగే."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్న గొయ్యి. దానిమీద చిన్న సమాధి.

"మరి నాన్నకెందుకు చెప్పలేదు?"

"నాను పెళ్లయి ఇటొచ్చేసినాక ఆడికి ఎవులు సెప్పినారో ఏటో. ఓ ఈస్టరుకి వచ్చి సూద్దును కదా, ఆ పెద్దదాన్ని పట్టుకుని అమ్మా అమ్మా అని ఏడుస్తన్నాడు. మొగమైనా తెలీని అమ్మ. అది కాదురా అని ఎలాగ సెప్పీది?"

అప్పుడు గుర్తొచ్చింది. అత్త వచ్చిన ప్రతి ఈస్టరుకీ మిగిలిన సున్నం తనే అడిగి తీసుకునేది. "ఇలాగ తే, నాను కొడతాను" అనేది. నడుం వంగిపోయాక కూడా ఆ కుంచె ఎవరికీ ఇచ్చేది కాదు. మేం చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్లం.

బస్సు విజయనగరం దాటేదాకా నాకు ఒకటే ఆలోచన. మొదటి "అదేనే" పట్టుకుని లేచి వచ్చేసి ఉంటే, కాళ్లు మడిచి పెట్టిన ఆ మనిషి మీదుగా కాలువ పారేది.

దిగగానే కమిటీ పెద్దకి ఫోన్ చేశాను. చిన్నది మాది అన్నాను.

"మరి పెద్దది ఎవులదమ్మా? ఒగ్గీమంటావా?"



"వద్దండీ. అదీ తీయించండి. మా నాన్న అమ్మా అని ఏడ్చింది దాని దగ్గరే."