పళ్ళ సెట్టు పూర్తయ్యేదాకా

నిన్నటిదాకా మా ఇంట్లో ఎవరుండాలో, ఎవరుండకూడదో చెప్పేదాన్నండీ నేను. ఇప్పుడు నేనెన్నాళ్ళుంటానో నాకే తెలీదు. నవ్వకండి, నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఏలూరులో మేడ మీద పోర్షన్ మాది. సునీతా, నేనూ ఉంటాం. కింద ఓనరు మార్తమ్మగారు, రిటైరైన టీచరు. చుట్టాలెవరైనా రాత్రి పడుకోవాలంటే ముందు ఆవిడకి చెప్పాలి, నాలుగు రోజులు మించకూడదు. ఇదీ రూలు. సునీత వాళ్ళ సత్యవతి పిన్నిగారేమో అత్తిలి నుంచి పళ్ళ సెట్టు కట్టించుకోవడానికొచ్చి దిగబడిపోయారు. కొలతలన్నారు, వెళ్ళలేదు. సెట్టు వదులైందన్నారు, వెళ్ళలేదు. నా మంచం ఆవిడది, నేను చాప మీద. పొద్దున్నే తాడేపల్లిగూడెం రైలెక్కాలి నేను, డ్యూటీకి. సరిగ్గా అప్పుడే ఆవిడ బాత్రూంలో దూరి గడియ పెడతారు. "అయిపోయిందమ్మా, వచ్చేస్తున్నా" అని మెత్తగా అంటారు. రారు.

మొన్న రైలు తప్పిపోయింది. మేనేజరు అందరి ముందూ పెట్టిన చీవాట్లకి సాయంత్రం దాకా తలెత్తలేదు. నిన్న మళ్ళీ అదే వరస. ఇక ఆగలేదండీ. బాత్రూం తలుపు ముందే నిలబడి, "పిన్నిగారూ, అసలు మీరెప్పుడెళ్తారు?" అని అడిగేశాను.

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని ఆ మాట అడగరు. ఎంత విసుగొచ్చినా, "అప్పుడే వెళ్ళిపోతారేంటండీ" అనే అంటారు. సునీత నోరెళ్ళబెట్టింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నేను మాత్రం తగ్గలేదు, చెప్పులేసుకుని టకటకా కిందికి దిగాను.

మార్తమ్మగారు కొర్రమీను కడుగుతున్నారు. ఆవిడ చేపల కూర వండితే నాకో గిన్నె పైకి పంపుతారు. నా పేరు చెప్పి మరీ పంపుతారు. నేనంటే అంత అభిమానమని నా నమ్మకం.

"ఏవండీ, మీ రూలు అందరికీ ఒకటేనా, కాదా?"

"ఒకటేనమ్మా. ఏమైంది?"

"పిన్నిగారిని ఎప్పుడెళ్తారని అడిగేశాను. చుట్టాలొచ్చి ఉండిపోతుంటే మొహమాటపడితే ఎలాగండీ? మీరూ గట్టిగా అడగండి."

ఆవిడ చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, "అడగొచ్చంటావా?" అన్నారు.

"నిక్షేపంగా అడగొచ్చు."

"పోయిన దసరా నుంచీ అడుగుదామనుకుంటున్నానమ్మా. ఏమనుకుంటావోనని ఊరుకున్నాను. మా మేనకోడలు పైన సునీత పక్కన చోటు కోసమే చూస్తోంది. మరి నువ్వెప్పుడెళ్తావు?"

ఆరా తీస్తే అసలు సంగతి తేలింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, "మా ఫ్రెండండీ, రూము దొరికేదాకా నాలుగు రోజులుంటుంది" అని సునీత ఆవిడతో చెప్పింది. ఆ తర్వాత నేను ఉండిపోయాను, అద్దెలో సగం సునీత చేతికిస్తున్నాను. ఆ సంగతి ఈవిడకి సునీత చెప్పిందని నేను, నేను చెప్పానని సునీత అనుకున్నాం. అసలా నాలుగు రోజుల రూలు నన్ను చూసి పెట్టిందేనట. కొర్రమీను కూర చుట్టానికి చేసిన మర్యాదట.

ఇంతలో మా మాటలు విని పిన్నిగారు తడి జుట్టుతో మెట్లు దిగొచ్చారు. "పోనీలెండి, ఉన్నపళాన ఈ పిల్ల ఎక్కడికెళ్తుంది? నాకు తోడుగా ఉంటుంది" అన్నారు, పళ్ళు లేని నోటితో.

మార్తమ్మగారు ఆలోచించి, "మీరు పెద్దవారు, మీ మాట కాదనలేను. మీరున్నన్నాళ్ళూ ఉండనివ్వండి" అన్నారు.

కోపం ఎవరి మీద చూపించాలో తెలీక చెప్పులు మెట్ల మీద విసిరికొట్టాను. ఒకటి కొర్రమీను గిన్నెలో పడింది. దానికి సారీ కూడా నేనే చెప్పాల్సొచ్చింది.

ఇవాళ పొద్దున పిన్నిగారు, నిన్న సాయంత్రం డాక్టరు సరిచేసిచ్చిన కొత్త సెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "సరిగ్గా కుదిరిందమ్మా, ఇక బయల్దేరతాను" అన్నారు.

"అప్పుడేనా పిన్నిగారూ? ఎడం పక్క కాస్త వదులుగా ఉన్నట్టుందండీ, డాక్టరుకి మళ్ళీ చూపిద్దాం" అన్నాను. "ముందు మీరు స్నానానికెళ్ళండి. నాకు రైలు తొందరేం లేదు."