“ఏ నెలల అడిగినవ్?”

మా సారు పోయారన్న కబురు యాకుత్‌పురా స్టేషన్ పక్కనున్న కిరాణా దుకాణం నుంచి ఫోనులో వచ్చింది. “మాస్టర్ సాబ్ గుజర్ గయే, భాయ్” అని దుకాణదారు బావురుమన్నాడు. నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు. ఫోను పెట్టేసి అరగంట అక్కడే కూర్చుండిపోయాను. ఆయన పేరు చెప్పినా పాఠకులకు తెలియదు. అర్థశాస్త్రంలో ఆయన పెద్ద పుస్తకమేదీ రాయలేదు. రాసేవాళ్లను తయారు చేశారు.

ఆదివారం పొద్దున్నే ఆయన వరండాలో చేరేవాళ్లం. స్కాలర్‌షిప్ మీద మా యూనివర్సిటీకి పరిశోధనకు వచ్చిన సూడాన్ అతనొకడు, నేపాల్ అతనొకడు, టాంజానియా అమ్మాయి ఒకతె. చాంద్రాయణగుట్టలో ఇళ్లకు పాలు పోసి సైకిలు మీద వచ్చేవాణ్ణి నేను. సారు అప్పటికే రిటైరయ్యారు. మమ్మల్ని పట్టించుకోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరైనా పేపర్ రాసి తెస్తే తాను ముందు చదివేవారు కాదు. “పోయి అమ్మకు జెప్పు” అనేవారు. అమ్మ అంటే ఆయన భార్య. చాటలో బియ్యం ఏరుకుంటూ వినేది. టాంజానియా అమ్మాయి వచ్చీరాని ఉర్దూలో తన దేశపు పత్తి రైతుల సంగతి చెబుతుంటే ఒకసారి అమ్మ చెయ్యి ఆగిపోయింది. సారు అటే చూస్తున్నారు. “ఇగ పంపు బిడ్డా” అన్నారు. ఆ రెండు ముక్కల కోసం మేం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

నా మొదటి పేపర్ చార్మినార్ దగ్గరి ఒక గల్లీలో లక్క గాజులు చేసేవాళ్ల మీద. చలికాలం సెలవుల్లో నేనూ సూడాన్ భాయ్ ఇల్లిల్లూ తిరిగాం. ఎక్కడ చూసినా కుంపట్లు ఆరిపోయి ఉన్నాయి, మనుషులు ఊరికే కూర్చున్నారు. ఈ వృత్తి పని అయిపోయింది, వీళ్లకు వేరే పని నేర్పాలని రాశాను. తొందరలో సారుకు చూపకుండానే విదేశంలోని ఒక పరిశోధన సంస్థకు పంపేశాను. వాళ్లు మెచ్చుకుని, ఏడాదిపాటు అక్కడికి వచ్చి పనిచేయమన్నారు. మా ఇంట్లో సముద్రం చూసినవాడే లేడు. మా బాపు ఆ ముచ్చట బర్రెలకు కూడా చెప్పుకున్నాడు.

మిఠాయి పట్టుకుని సారు దగ్గరికి పోయాను. పేపర్ చివరిదాకా చదివి కళ్లద్దాలు తీశారు.

“ఏ నెలల అడిగినవ్?”

“సెలవులల్ల సార్.”

“సెలవులు గాదు. నెల జెప్పు.”

నేను వేళ్ల మీద లెక్కపెట్టసాగాను. “నడువు” అని గొడుగు తీసుకున్నారు. ఆ గల్లీలోనే ఒక ముసలమ్మ ముందు నన్ను కూర్చోబెట్టి, నేను రాసింది ఉర్దూలో చెప్పమన్నారు. ఆమె ముందున్న కుంపటి భగభగ మండుతోంది. లక్క సాగదీస్తూనే వింది, పకపకా నవ్వింది.

“అరే బేటా! మొహర్రం మే చూడియాఁ కౌన్ పెహెన్తా?”

మొహర్రంలో గాజులెవరు తొడుక్కుంటారు! చేతులకున్నవే తీసేస్తారు. మేం తిరిగిన సెలవులు సరిగ్గా ఆ నెలలోనే పడ్డాయి. ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, గాజుల బేరముండదు. సూడాన్ భాయ్‌కి తెలియదు, వాళ్ల దేశంలో ఆ ఆచారం లేదట. నాకేం రోగం? పుట్టినప్పటి నుంచి పీర్ల ఊరేగింపు చూస్తూ పెరిగినవాణ్ణి. కాగితం చేతికి రాగానే పుట్టిన ఊరు మర్చిపోయాను.

“పేపర్ వాపస్ తీసుకుంటున్ననని రాసియ్యి. నేను పోస్టు జేస్త” అన్నారు సారు, దారిలో.

“మళ్ల పిలువరు సార్.”

“పిలువకపోవచ్చు. గని మనం బీద దేశాలోళ్లం. మన గురించి మనమే తప్పు రాస్తే, గా తప్పునే పట్టుకొని అవుతలోళ్లు పదేండ్లు రాస్తరు. రేపు ఏ ఆఫీసరో నీ కాయితం జూసి గామె కుంపటి ఆర్పిస్తడు.”

“మరి నా బతుకు సార్?”

గొడుగు చేయి మార్చుకున్నారు. “నీ ఇష్టం” అన్నారు.

నాలుగు వాక్యాలు రాసి ఆయన బల్ల మీద పడేసి వచ్చాను. నిజం చెబుతున్నాను, ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. మూడు నెలలు ఆ వరండా వైపు పోలేదు. ఒక ఆదివారం ఆయనే రిక్షా దిగి, పేడలో చెప్పులు జారుతుంటే మా కొట్టం దాకా వచ్చారు. చంకలో మూడు కాగితాల కట్టలు.

“మూడు నెలలయి నేనూ భాయ్ అడిగి రాసినం. కడమ తొమ్మిది నువ్వు జేస్తవా, నన్నే తిరుగుమంటవా? మోకాళ్లు గుంజుతున్నయిరా.”

చేశాను. రంజాన్ ముందు ఆ గల్లీలో నాతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. ఏడాది తిరిగేసరికి ఆ సంస్థవాళ్లే, కొత్త పేపర్ అయిందా అని ఉత్తరం రాశారు. పంపాను, పిలిచారు, వెళ్లొచ్చాను. నా తెలివి వాళ్లకు అంతగా గుర్తుండిపోయిందని ఇన్నేళ్లూ మురిసిపోయాను.

మొన్న పదోనాడు అమ్మ ఒక పాత కాగితం నా చేతిలో పెట్టింది. సారు టైపు చేసిన ఉత్తరానికి కార్బన్ నకలు. నా ఉత్తరంతో పాటు ఆయనా ఒకటి పంపారన్నమాట. సర్వేకు ఆ నెల ఎంచింది తానేనని, ఈ కుర్రవాడికి ఒక్క ఏడాది గడువిచ్చి మళ్లీ అడగమని. ఆయన చెప్పగా నేనెరిగిన అబద్ధం అదొక్కటే.

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“జెప్తే నీ కష్టం నీది గాదనుకుంటవని దాచిండు బిడ్డా.”

అప్పుడు ఏడ్చాను. ఆ ఉత్తరంలో ముందు ‘నా విద్యార్థి చేసిన తప్పు’ అని టైపు చేశారు. తర్వాత దాని మీద వరసగా ఎక్స్‌లు కొట్టేసి, పైన ‘నా తప్పు’ అని పెట్టారు. కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. ఎంత గట్టిగా కొట్టారో, అడుగున పెట్టిన ఈ నకలులో కూడా ఆ ఎక్స్‌లు ఉన్నచోటల్లా చిల్లులు పడి, వాటిలోంచి ఎండ కనిపించింది.