ఊరంతా ఫోన్ చేసిన సాయంత్రం

ఎండకాలం చివర పాన్‌గల్ వైపు ఈదురుగాలి లేస్తే మొదట రేకులు ఎగురుతాయి, తరువాత కొమ్మలు విరుగుతాయి, ఆ తరువాత కరెంటు పోతుంది. కరెంటు పోయాక పాటించవలసిన ఆచారం ఒకటి మా పెద్దమ్మ ఊళ్ళో ఉంది. ప్రతి ఇంటివారూ గడప దాటి వచ్చి ఎదుటివారిని "మీకున్నదా?" అని అడుగుతారు. వారికీ లేదని తెలియగానే సగం బాధ తీరి లోపలికి వెళ్ళిపోతారు. సబ్‌స్టేషన్‌కు తెలియజేయడమనేది ఎవరో ఒకరు చేసే పని. ఆ ఎవరో ఒకరు ఎవరన్న ప్రశ్న, నేను వేసేదాకా, ఊళ్ళో పుట్టలేదు.

వనపర్తిలో డిగ్రీ చదివే రోజుల్లో నేను కళాశాల చర్చాపోటీల జట్టులో ఉండేదాన్ని. ఏ అంశమిచ్చినా, ఏ పక్షమిచ్చినా మాట్లాడడం అక్కడ నేర్పారు. ఎప్పుడు ఆపాలో మాత్రం గంట కొట్టి చెప్పేవారు. ఊళ్ళో ఆ సౌకర్యం లేదు.

సెలవులకు పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమెకు బజారులో చిన్న టిఫిన్ హోటల్ ఉంది. మర్నాడు అంగడి, వారమంతటిలో ఆమెకు గిట్టుబాటయ్యే రోజు అదొక్కటే. గంగాళంలో మినపప్పు మధ్యాహ్నం నుంచీ నానుతోంది. పొద్దుగూకేలోపు గ్రైండర్లో రుబ్బితేనే తెల్లవారేసరికి పిండి పొంగుతుంది. లేకపోతే అంగడికి ఇడ్లీ లేదు. సరిగ్గా అప్పుడే గాలి వచ్చింది. హోటల్ ముందరి వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది.

పెద్దమ్మ బయటికి వచ్చి, ఎదుటి కిరాణా కొట్టు చాచాను అడిగింది. "మీకున్నదా?"

"లేదమ్మా."

"అయితే సరే" అని ఆమె వెనక్కు తిరగడం చూసి నాకు ఆగలేదు. గాలికి జడిసి హోటల్ అరుగు మీదికి చేరినవారు చాలామందే ఉన్నారు. వారినుద్దేశించి మాట్లాడాను. ఒక్కరు ఫోన్ చేస్తే అది గొణుగుడు, ఊరంతా చేస్తే ప్రజాభిప్రాయం అన్నాను. ఎవరో చెబుతారని ఊరుకునేవాడు పౌరుడు కాడు, ప్రేక్షకుడు అన్నాను. సబ్‌స్టేషన్ నంబరును ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏ పోటీలోనూ శ్రోతలు నాతో అంత త్వరగా ఏకీభవించలేదు. అరుగు మీది చేతులన్నీ ఫోన్లతో సహా చెవుల దగ్గరికి చేరాయి.

ఇంతలో లైన్‌మన్ బండి మీద వచ్చాడు. గాలి తీరు చూసి తనంతట తానే బయలుదేరాడట. స్తంభానికి నిచ్చెన ఆనించి, ఫోన్ చెవికి పెట్టుకుని, అలాగే నిలబడిపోయాడు.

"ఎక్కవేంది తమ్మీ? పప్పు నాని నాని పులుస్తుంది" అంది పెద్దమ్మ.

"లైన్ బంద్ చేసినమని సబ్‌స్టేషన్ ఆపరేటర్ చెప్పాలె గద అక్కా. చెప్పకముందే ఎక్కితే ఇంట్ల నా ఫొటోకు దండేస్తరు. చేస్తున్న, చేస్తున్న, ఎంగేజే వస్తుంది."

"గాయన గంతసేపు ఎవరితోని మాట్లాడుతుండు?"

చాచా తన ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నాతోనమ్మా. ఇప్పుడే దొరికిండు. జర ఆగు."

నేను వెంటనే ప్రతిపక్షం స్వీకరించాను. ఫిర్యాదు హక్కే గాని, దాన్ని వినియోగించుకోవడానికి వేళాపాళా ఉంటుందని ఆరంభించాను.

"బేటీ," అన్నాడు చాచా, "ఊకున్నోడు మనిషే కాదని నువ్వే చెప్పినవ్ గద?"

"పౌరుడు కాడన్నాను చాచా. మనిషి కాడనలేదు."

"ఏదైతేంది. ఇప్పటిదాంక గట్ల చెప్పి, ఇప్పుడు గిట్ల చెప్తే ఎట్ల?"

కూరగాయలమ్మే ఆమె ఫోన్ దించకుండానే, చాచాను చూపిస్తూ అందుకుంది. "నేను ఫోన్ పెట్టేస్త. మరి ఆయన పెడ్తడని ఏంది నమ్మకం? ఆయన పెట్టకపోతే నేను పాగల్‌దాన్నా?"

నేను న్యాయనిర్ణేతనై ఉంటే బహుమతి ఆమెకే ఇచ్చేదాన్ని. అంతలో పెద్దమ్మ గరిటెతో అరుగు మీదికి వచ్చింది.

"చెవులకెల్లి ఫోన్ తియ్యనోళ్ళకు రేపు ఇడ్లీ లేదు. మొఖాలు చూసి పెట్టుకుంటున్న."

ఫోన్లు జేబుల్లోకి, కొంగుముడుల్లోకి జారిపోయాయి. చాచా మాత్రం మర్యాద గల మనిషి కనుక అవతలివారికి సంజాయిషీ ఇచ్చాడు. "సాబ్, ఇక్కడ ఇడ్లీ పంచాయితీ అయితుంది. పెట్టేస్తున్న."

లైన్‌మన్‌కు మరుక్షణమే ఆపరేటర్ దొరికాడు. ఎక్కి, కొమ్మ నరికి, తెగిన తీగ కలిపి దిగేసరికి పొద్దుగూకిపోయింది. బజారులో దీపాలు వెలిగాయి.

"బేటీ," అన్నాడు చాచా, "వచ్చిందని గూడ చెప్పాల్నా? ఒక్కొక్కరమే చెయ్యాల్నా?"

కృతజ్ఞత తెలపడం కూడా పౌరధర్మమేనన్నది ఈ విషయంలో నా స్థిరాభిప్రాయం. నోరు తెరిచాను. పెద్దమ్మ నా వైపు చూసి, "నువ్వు పోయి గ్రైండర్ స్విచ్ ఎయ్యి" అంది. వెళ్ళి వేశాను.

తెల్లవారింది గాని పిండి పొంగలేదు. పెద్దమ్మ దాన్ని కాసేపు చూసింది, నన్ను కాసేపు చూసింది. తరువాత ఉల్లిగడ్డలు తరిగి, పెనం పెట్టి, ఆ పిండినే మందంగా పోయడం మొదలుపెట్టింది. అంగడి ముగిసేలోపు గంగాళం అడుగు కనబడింది.

ఆ మధ్యలో ఒక మేకల వ్యాపారి తన విస్తరిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇడ్లీ లేదా అక్కా?"

"గదే ఇడ్లీ. జర వెడల్పయింది."

"ఎందుకట్లయింది?"

పెద్దమ్మ గరిటెతో నన్ను చూపించింది. ఆయన నా వైపు తిరిగాడు. వివరించడానికి ఉభయపక్షాల వాదనలూ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆయన మాత్రం విస్తరి ముందుకు జరిపి, "చట్నీ ఎయ్యి బిడ్డా" అన్నాడు.