కుడితి డ్రమ్ము

జనగామ స్టేషన్ రోడ్డులో మాది చిన్న ఇడ్లీ హోటల్. స్టీలు ప్లేటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద ఇడ్లీ పెట్టి, చట్నీ పోసి ఇస్తాం. రైలు అందుకోవాల్సిన వాళ్ల తొందర ఒకటి, ట్యాంకరు నీళ్లతో అన్ని ప్లేట్లు కడగలేకపోవడం ఒకటి. పైగా ఎవరి ఎంగిలి ప్లేటులోనో తింటున్నామన్న అనుమానం కూడా ఉండదు. వేడి ఇడ్లీకి కవరు అంటుకుంటుంటే నాకే ఒళ్లు మండేది. అయినా మానలేకపోయాను.

కనీసం చెత్తయినా తగ్గిద్దామని రెండు డ్రమ్ములు పెట్టించాను. ఒకటి కవర్లకు, ఒకటి మిగిలిన తిండికి. మా వెనక వీధిలో రెండు బర్రెల పాలమ్ముకుని బతికే అక్క ఒకామె ఉంది. పొద్దెక్కాక వచ్చి ఆ తిండిని కుడితికి తీసుకుపోయేది. కవర్లు పాతసామాన్ల బండికి ఇచ్చేదాన్ని. మునిసిపాలిటీ బండిలో వేయడానికి మా దగ్గర ఏమీ మిగలట్లేదని వచ్చినవాళ్లందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

అయితే మనవాళ్లకు ఒక మర్యాద ఉంది. తిన్న విస్తరిని తెరిచి వదిలేయరు, వడ్డించిన వాళ్ల మీద గౌరవంతో తమ వైపుకు మడుస్తారు. కవరును కూడా అలాగే మడిచేవారు. సగం ఇడ్లీ, చట్నీ లోపలే ఉంచి, పొట్లంలా చేసి తిండి డ్రమ్ములో వేసేవారు. "అన్నా, కవరు గండ్ల కాదే, గిండ్ల ఎయ్యి!" అని గొంతు చించుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రోజూ నేనే చెయ్యి పెట్టి ఏరేదాన్ని.

పత్తి అమ్ముకోవడానికి రైతులొచ్చే రోజుల్లో జనం విరగబడ్డారు. ఏరడానికి తీరలేదు. తీరలేదని ఇప్పుడంటున్నాను గానీ, నిజానికి బద్ధకించాను.

ఒక పొద్దున అక్క పరుగెత్తుకొచ్చింది. "చెల్లె, పెద్ద బర్రె నెమరేస్తలేదు. కడుపు డోలు లెక్క ఉబ్బింది."

అది నెలలు నిండిన చూడి బర్రె. పశువుల డాక్టరు వచ్చి, కడుపులో కవర్లు పేరుకున్నట్టున్నాయని, ఈ స్థితిలో కోస్తే తట్టుకోదని చెప్పి సూది వేసి వెళ్లాడు. నేనేం చేయగలను? పక్కన కూర్చుని మెడ నిమిరాను. దాని కళ్లలోకి చూడటానికి సిగ్గేసింది. మర్నాడు కడుపులోని దూడతో సహా పోయింది.

కవర్లు మాన్పించి మోదుగాకు విస్తర్లు తెప్పించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చట్నీ కారుతోందని సగం మంది ఎదురు హోటల్‌కు పోయారు. నెల తిరగకముందే కవర్లు మళ్లీ పరిచాను. రాసుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

అక్క మళ్లీ బకెట్ పట్టుకొచ్చింది. "వద్దక్కా, ఇంకేమన్న అయితే నేను ఓర్వలేను" అన్నాను.

"గడ్డి ఏడికెళ్లి తేవాలె చెల్లె? చిన్న బర్రెను ఉపాసం పండవెట్టాల్నా? జర మంచిగ ఏరి ఇయ్యి, గంతే."

నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు రోజూ ఇద్దరం ఆ డ్రమ్ము ముందు కూర్చుని, మోచేతుల దాకా ముంచి ఏరుతున్నాం. మొన్న ఒక పెద్దమనిషి మా పక్కనే నిలబడి తిన్నాడు. కవరును తన వైపుకు ఒద్దికగా మడిచాడు. "ఇడ్లీ మస్తుగున్నది బిడ్డా" అని మెచ్చుకుని, మేము ఏరుతున్న డ్రమ్ములోనే దాన్ని వేసి, దండం పెట్టి వెళ్లాడు.

అక్క మళ్లీ లోపలికి చెయ్యి పెట్టింది.