పారిపోవద్దని చెప్పినందుకు

పోయిన చలికాలం పాడేరు నుంచి ఫోనొచ్చింది. ప్రమాదాలూ వరదలూ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆరోగ్య సిబ్బందికి మూడు రోజుల శిక్షణ ఇస్తున్నారట. ఆఖరి రోజు సర్టిఫికెట్లు పంచడానికి పాతకాలపు ట్రైనర్లలో ఒకర్ని పిలవాలనుకున్నారట. ఆ పాతకాలపు వాళ్లలో మెట్లెక్కగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానన్నది వాళ్లు చెప్పలేదు, నాకే అర్థమైంది. ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి, ఈ వయసులో ఎందుకని మా చెల్లెలు గొణిగింది. పాతికేళ్లు ఆ రోడ్డు మీద తిరిగినదాన్ని, చేతిలో నిమ్మకాయ ఉంటే చాలని బయల్దేరాను. కొత్త హాలు బాగుంది. కుర్చీలకు మెత్తలున్నాయి. గుండె నొక్కడం నేర్పడానికి రబ్బరు బొమ్మ ఉంది, సరిగ్గా నొక్కితే పచ్చదీపం వెలుగుతుంది, తప్పు నొక్కితే ఎర్రదీపం. మా రోజుల్లో తప్పు నొక్కితే ఎర్రబడేది నా మొహమే. ఇంతలో తెర మీద ఒక వాక్యం పడింది, 'ముందు మీ భద్రత, ఆ తర్వాతే బాధితుడి భద్రత' అని. పాఠం చెప్తున్న అమ్మాయి దాన్ని అందరిచేతా రెండుసార్లు చదివించింది. నాకిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. మా నోట్సులోనూ ఈ వాక్యం ఉండేది. పాఠం చెప్పేటప్పుడు దాన్ని దాటేసింది నేనే.

అప్పుడు నేను చింతపల్లి వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుని. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య పెంకుల కప్పు, ఆరు గదులు, డిసెంబరొస్తే మంచాల కింద కుంపట్లు పెట్టినా రోగులు గజగజ వణుకుతూనే ఉండేవారు. తొంభైల చివర్లో పైనుంచి ఒక ఆలోచన వచ్చింది. జీపు డ్రైవర్లకీ ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలకీ ప్రమాదాల్లో మొదటి సాయం ఎలా చెయ్యాలో నేర్పించాలని. మా డాక్టరుగారికి తీరిక లేదు, తీరికున్నా నలుగురి ముందు నోరు పెగలదు. నాకు రెండూ ఉన్నాయని నన్ను తోశారు. నోట్సు కూడా పంపారు. అది సముద్రపు ఒడ్డు వాళ్ల కోసం రాసింది. పడవ తిరగబడితే ఏం చెయ్యాలి, తుఫాను షెల్టరుకి ముందు ఎవర్ని పంపాలి, వలలు ఎక్కడ దాచుకోవాలి, అన్నీ ఉన్నాయి. పడవనేది బొమ్మల్లో తప్ప చూడనివాళ్లకి అదంతా నేనేం చెప్పను? మా కొండల్లో ఆపదలు వేరు. వానాకాలం గెడ్డ పొంగి దాటబోయినవాణ్ణి పట్టుకుపోతుంది. చరియ విరిగి రోడ్డు మీద పడుతుంది. వీటన్నిటికంటే తరచుగా, జీపు లోయలోకి పోతుంది. పదిమంది పట్టే జీపులో పాతికమంది ఎక్కేవారు, టాపు మీద కొందరు, వెనకాల వేలాడుతూ కొందరు, వాళ్ల మధ్య పసుపు బస్తాలు, కొండచీపుళ్లు, పనసకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. పెళ్లికూతురు వెళ్లేదీ ఆ జీపే, పురుటి నొప్పుల మనిషి వచ్చేదీ ఆ జీపే. అందుకని పడవ అని ఉన్నచోటల్లా జీపు అని దిద్దుకుని, పనికిరాని పేజీలు కొట్టేసి, నా నోట్సు నేనే తయారుచేసుకున్నాను. ఆ కొట్టేసిన వాటిలోనే ముందు మీ భద్రత అన్న వాక్యం కూడా పోయింది. మిషన్ స్కూల్లో నర్సింగు చదివిన నాకు అది పిరికివాళ్ల మాటలా అనిపించింది.

మొదటి బ్యాచికి ముప్పైమంది దాకా డ్రైవర్లు వచ్చారు. లైసెన్సులు చూస్తారని ఎవరో పుకారు పుట్టించబట్టి వచ్చారు గానీ లేకపోతే వచ్చేవారు కారు. వాళ్లలో మా ఆయమ్మ అల్లుడు ఒకడు. ఆయమ్మ మా ఆస్పత్రిలో ఆయా. తెల్లారి వేణ్ణీళ్ల దగ్గర్నుంచి ప్రసవం గది కడగడం దాకా ఆవిడ చెయ్యి పడందే ఏదీ అయ్యేది కాదు. ఒక్కగానొక్క కూతురు, ఆ కూతురి మొగుడు కాబట్టి అతను మా ఆస్పత్రి మొత్తానికీ అల్లుడే. డాక్టరుగారు కూడా అల్లుడనే పిలిచేవారు. అద్దె జీపు తోలేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వేళాకోళం ఆడుతూ ఉండేవాడు. గోనెసంచిలో గడ్డి కుక్కి, నా పాత గౌను తొడిగి రోగి బొమ్మ చేసి తీసుకెళ్తే, దాన్ని చూసి, మా సిస్టరమ్మ చెల్లెలొచ్చిందని హాలంతా నవ్వించాడు. గాయపడ్డవాళ్లని ఎలా ఎత్తాలో చూపించమంటే ఒకడు మిరియాల బస్తాలా భుజాన వేసుకున్నాడు. ఇంకొకడు రెక్కలు పట్టి లాగేశాడు, గడ్డి అంతా బయటికొచ్చింది. వెన్ను విరిగినవాళ్లని అలా లాగితే జన్మలో లేవరని చెప్పి, డోలీ కట్టే కర్రలతో, దుప్పటితో పడకలాగా ఎలా కట్టాలో చూపించాను. డోలీ మొయ్యడం వాళ్లకి నేనెక్కణ్ణించి నేర్పను, పుట్టినప్పట్నుంచీ మోస్తున్నవాళ్లే. పడుకోబెట్టి మొయ్యడమొక్కటే కొత్త. నెత్తురు కారుతుంటే తుండు మడిచి గాయం మీద పెట్టి అరచేత్తో అదిమి పట్టుకోవాలి, ఆగిందో లేదో చూద్దామని మధ్యలో తియ్యకూడదు, ఇంకొకళ్లు వచ్చి పట్టుకునేదాకా వేసిన చెయ్యి తియ్యకూడదు. ఈ మాట వాళ్లు నిద్రలో కూడా అప్పజెప్పేటట్టు వల్లె వేయించాను.

రెండో రోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక అందరూ కునికిపాట్లు పడుతుంటే అల్లుడు లేచి నిలబడ్డాడు. మా దగ్గర కలెక్టరొచ్చినా నువ్వనే అంటారు, నన్నూ అంతే.

"సిస్టరమ్మా, నువ్వు సెప్పినయ్యన్నీ బాగున్నాయి. అక్కడుంటే గదా సేసేది? బండి పడ్డాదంటే ముందు పారిపోయేది మేమే. ఉంటే సంపేత్తారు."

ఎవరూ నవ్వలేదు. కునుకుతున్నవాళ్లు కూడా తలలెత్తారు. నిజం అదేనని నాకు తెలియకపోలేదు. జీపు పడితే డ్రైవరు పారిపోతాడు. తప్పు రోడ్డుదైనా, వానదైనా, ఎక్కొద్దన్నా ఎక్కినవాళ్లదైనా, దొరికేవాడు డ్రైవరే కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందు అతన్ని చావగొడతారు. ఓనర్లు బండి ఇచ్చేటప్పుడే, పడితే నువ్వు ముందు మాయమవ్వు, మిగతాది మేం చూసుకుంటామని చెప్పి ఇస్తారు. ప్రమాదం జరిగిన మొదటి నిమిషాల్లో అక్కడ ఒంటి మీద తెలివున్న మనిషి, దారి తెలిసిన మనిషి, అతనొక్కడే. అతనే అడవిలో పడి పోతే నేను నేర్పేదంతా ఎందుకు? నాకు పట్టుదలొచ్చింది. గాయపడ్డవాళ్ల పక్కన కూర్చుని పని చేస్తున్న మనిషిని ఎవరూ కొట్టరని చెప్పాను. మనుషులు రాక్షసులు కారని చెప్పాను. మర్నాడు పోలీసాయన్ని పిలిపించి, పారిపోనివాళ్లకి మా అండ ఉంటుందని ఆయనచేత కూడా చెప్పించాను. అల్లుడు ఇంకా అనుమానంగానే చూస్తుంటే, "నాదీ పూచీ" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. కొండల్లో మాటిస్తే మాటే. నేను బల్ల గుద్దడం కోసం అన్నదాన్ని వాళ్లు మాటగా తీసుకున్నారు.

మరుసటి వానాకాలం, సంత రోజు, మధ్యాహ్నం మూడింటివేళ ఒకాయన సైకిలు మీద వచ్చి జీపు పడిందని చెప్పాడు. మా ఆస్పత్రికి రెండు మలుపుల కింద. వారం రోజులుగా పడుతున్న వానకి రోడ్డు అంచు నాని ఉంది, ఎదురొచ్చిన బస్సుకి దారివ్వబోతే ఆ అంచు విరిగింది. జీపులో ఎప్పటిలాగే పాతికమంది. ఎవరి జీపని అడిగితే ఆ సైకిలాయన ఆయమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. ఆయమ్మ చేతిలో బక్కెట్టు అలాగే పట్టుకుని నాతోపాటు మా ఆస్పత్రి జీపెక్కేసింది.

మేం వెళ్లేసరికి వాన తెరిపిచ్చింది. రోడ్డు పక్కన గాయపడ్డవాళ్లని వరసగా పడుకోబెట్టి ఉన్నారు. విరిగిన కాళ్లకి వెదురు బద్దలు, పై నుంచి తుండుగుడ్డలు కట్టి ఉన్నాయి. నడుం దెబ్బతిన్న ముసలాయన్ని కదపకుండా అడ్డాకులు కప్పి ఉంచారు. ఇద్దరు అప్పటికే పోయారు, వాళ్ల మొహాల మీద బట్ట కప్పి ఉంది. నేను నేర్పిన పాఠం నా కళ్లముందు వరసగా ఉంది, ట్రైనరుగా నాకది గర్వం కలగాల్సిన సంగతి. ఆ వరస చివర అల్లుడున్నాడు. ఒకామె తొడ మీద మడిచిన తుండు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని కుడి అరచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. అతని చొక్కా వీపంతా చిరిగిపోయింది. నెత్తి మీంచి నెత్తురు చెంప దాకా కారి ఎండిపోయింది. కుడి మణికట్టు కుండలా వాచి ఉంది. చుట్టూ కింది ఊరివాళ్లు పదిమంది కావిడి బద్దలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

జరిగింది తర్వాత తెలిసింది. బండి పడగానే అల్లుడు, పెద్ద దెబ్బలు తగలనివాళ్లచేత గాయపడ్డవాళ్లని రోడ్డు మీదికి చేర్పించి బద్దలు కట్టించాడు. పోయిన ఇద్దరూ ఆ ఊరివాళ్లే. పరిగెత్తుకొచ్చినవాళ్లకి డ్రైవరు కనిపించాడు. ముందు కొట్టింది అల్లుడు పట్టుకుని ఉన్న ఆ ఆడమనిషి తమ్ముడే. అక్క మీద కూర్చుని ఏదో చేస్తున్నాడనుకున్నాడో, అసలేమీ అనుకోలేదో. అతన్ని చూసి మిగతావాళ్లు. మణికట్టు మీద కావిడి బద్దతో రెండు దెబ్బలు పడ్డాయి. చివరికి ఆమెకే తెలివొచ్చి, "ఒగ్గీండిరా ఆణ్ణి. ఆడు సెయ్యి తీస్తే నానుండను" అంటే ఆగారు.

నేను అతని పక్కన కూర్చుని, తుండు మీద నా చెయ్యి వేసి, ఇంక తియ్యొచ్చు, నేను పట్టుకున్నానని చెప్పాను.

"తియ్యడం అవట్లేదు సిస్టరమ్మా" అన్నాడు.

వేళ్లు బిగుసుకుపోయాయి. ఆయమ్మ వచ్చి ఒక్కొక్క వేలూ విడదీసింది. కొట్టినవాళ్లే దుప్పట్లు కట్టి అందరినీ పైకి ఆస్పత్రి దాకా మోసుకొచ్చారు. అల్లుణ్ణి కూడా మోస్తామన్నారు, అతను వద్దని చెయ్యి వేలాడేసుకుని నడిచొచ్చాడు.

ఆ ఆడమనిషి బతికింది. పదిహేను రోజుల తర్వాత తమ్ముడు చోడిగింజలూ కోడిపుంజూ తెచ్చి ఆయమ్మ ఇంటి గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా చాలాసేపు తల వంచుకుని కూర్చుని వెళ్లాడట. మణికట్టు మాత్రం కుదురుకోలేదు. విశాఖపట్నం దాకా తీసుకెళ్లాం. ఎముక అతికింది గానీ చెయ్యి తిరగదు. మలుపు మలుపుకీ స్టీరింగు తిప్పాల్సిన మా ఘాట్ రోడ్డులో తిరగని చేత్తో ఎవరు జీపిస్తారు? ఇచ్చినా అతను తీసుకునేవాడు కాడు. కాఫీ తోటలో మామగారి వాటా చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆయమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వేణ్ణీళ్లు తెచ్చేది, టీ తెచ్చేది, గ్లాసుని నాకు ఒక జానెడు దూరంగా పెట్టి వెళ్లిపోయేది. నెల పోయాక ఒకరోజు గుడ్డలు మడతపెడుతూ నా వైపు చూడకుండానే, "నీ మాట నమ్మీసి ఉండిపోనాడు" అంది. ఆ ఒక్క మాటా అని మళ్లీ మడతలు పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా ఏడవడానికి మందుల గదిలోకి వెళ్లాను.

చివరికి ధైర్యం తెచ్చుకుని కాఫీ తోటకి వెళ్లాను. పళ్లు కోసే రోజులు. ఎడం చేత్తో కొమ్మ వంచి, కుడిచేతి వేళ్లతోనే దూస్తున్నాడు. తప్పు నాదని, అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సిందని అన్నాను. అతను చాలాసేపు కోస్తూనే ఉన్నాడు.

"నీ మీద కోపం రానేదని సెప్పను. దెబ్బ దెబ్బకీ నిన్నే తిట్టినాను. నువ్వు సెప్పావనే ఉన్నానని మా అత్త అంటాది, మొదల అంతే, ఆళ్లు రాకముందు. ఆళ్లొచ్చినాక పారిపోదావనే సూసినాను. ఓపాలి సెయ్యి తీసినాను, నెత్తురు జిమ్మింది. మళ్లీ అదిమీసినాను. ఇంకెలా ఎల్తాను?"

ఆ ఏడాది చివర్లో రెండో బ్యాచి పెట్టమని పైనుంచి కాగితమొచ్చింది. నేను చెయ్యనన్నాను. రెండ్రోజులకి అల్లుడే ఆస్పత్రికొచ్చి, బొమ్మలో గడ్డి మార్చాలి కదా, కొత్త గడ్డి తెచ్చానన్నాడు. హాలు నిండింది. ఈసారి లైసెన్సుల పుకారేమీ లేదు, వాళ్లు వచ్చింది అల్లుణ్ణి చూడటానికి. మొదటి రోజు పొద్దున్నే, నేనింకా సుద్దముక్క తియ్యకముందే, నెరిసిన మీసాల డ్రైవరొకాయన లేచి, ఉండమంటావా పారిపొమ్మంటావా, ముందది తేల్చమన్నాడు. రాత్రంతా ఆలోచించుకున్నదాన్ని. పూచీ ఇవ్వలేనని చెప్పాను. ముందు మీ ప్రాణం చూసుకోండని, దాటేసిన ఆ వాక్యం మొదటిసారి నోటితో చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే ఒప్పలేదు. డ్రైవర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంక పాఠం అయిపోయినట్టే అనుకున్నాను.

బొమ్మ దగ్గర కూర్చున్న అల్లుడు లేచాడు. వేళాకోళమేమీ లేదు అతని గొంతులో.

"కొడతారు. సిస్టరమ్మ కొట్టరని సెప్పింది, కొడతారు. పావుగంట కొడతారు, ఆ పైన ఆళ్లకే తెలుస్తాది. ఆ పావుగంట ఓర్సుకోగలిగినోళ్లు ఉండండి. ఓర్సుకోలేనోళ్లు గాయం గట్టిగా కట్టీసి పారిపోండి, తప్పు నేదు. ఊరికే మాత్రం పోకండి."

తర్వాత ఆ నెరిసిన మీసాలాయన ముందుకొచ్చి బొమ్మ పక్కన కూర్చుని, ఎంత గట్టిగా కట్టాలో చూపించమన్నాడు. అల్లుడు ఎడం చేత్తో చూపించాడు. ఆ తర్వాత ఎన్నో బ్యాచిలకి పాఠాలు చెప్పాను, ఆ ప్రశ్న ఎవరడిగినా అతని మాటలే చెప్పాను, అంతకంటే నిజమైనది నాకు దొరకలేదు.

పాడేరులో సర్టిఫికెట్లు పంచేశాక చింతపల్లి వెళ్లి అతన్ని చూసొచ్చాను. ఆయమ్మ పోయి చాలా కాలమైంది. అల్లుడికి జుట్టు నెరిసింది, మనవరాలుంది, దాన్ని ఎడం చంకనే ఎత్తుకుంటున్నాడు. చలికాలమొస్తే మణికట్టు లాగుతుందని, రాత్రిళ్లు వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయని, భార్య లేచి ఒక్కొక్కటీ విడదీస్తుందని మామూలుగా చెప్పాడు. ఆ పావుగంట గడిచి ఇరవై యేళ్లు దాటింది, అతని చేతికి మాత్రం ఇంకా గడవలేదు.