కారు కొనుక్కున్న మేనత్త

మా మేనత్త పోయిన మంగళవారం పొద్దున్న చనిపోయింది. ఎనిమిది గంటలకి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "బావా, అమ్మ ఎల్లిపోనాది. టీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే" అని ఏడ్చింది. నేనప్పుడు అత్త కుట్టు షెడ్డు తాళం తీస్తున్నాను. కొన్నేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాను కాబట్టి, మిషన్ల దగ్గరికి వస్తున్న ఆడవాళ్ళకి ఆ మాట చెప్పాల్సిన పని నాకే పడింది.

గోపాలపట్నంలో మా వీధివాళ్ళకి ఆవిడ బాగా తెలుసు. కొన్నాళ్ళు చెడ్డగా కూడా తెలుసు. ఆ చెడ్డలో నా చెయ్యి ఉంది. అది దాచిపెట్టి ఆవిడ గురించి రాయడం సరికాదు.

అత్తది సబ్బవరం దగ్గర పల్లె. పెళ్ళయి ఇక్కడికొచ్చింది. మావయ్య లారీ డ్రైవరు, చిన్నవయసులోనే పోయాడు. వరండాలో ఒక్క కుట్టుమిషను పెట్టుకుని, ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే ఆడవాళ్ళకి రెగ్జిన్ ఏప్రాన్లు కుట్టడం మొదలుపెట్టింది. తెల్లారకముందే వాటిని సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి, హార్బర్ గేటు దగ్గర కూర్చుని అమ్మేది. తర్వాత బడి యూనిఫారాలు, హోటలు యూనిఫారాలు. అలా అలా ఇరవై మిషన్ల షెడ్డయింది.

ఆవిడ మెడలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. ఒకసారి చర్చిలో పెళ్ళికి కూడా అలాగే వచ్చేసింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేది, మాకు సగం అర్థమయ్యేది కాదు. బేరం దగ్గర మాత్రం సూదులు తీసేసేది. "బేరానికి సిగ్గుపడ్డోడు యాపారానికి పనికిరాడురా" అనేది. ఎవరు ఏ చొక్కా వేసుకుని వచ్చినా అంచు తిరగేసి చూసి, "పైకుట్టు ఎవలైనా బాగానే ఏత్తారు" అని పెదవి విరిచేది.

అప్పుడు కరోనా వచ్చి ఊరంతా మూతపడింది. నేను బీచ్ రోడ్డులో ఒక హోటల్లో రిసెప్షన్‌లో ఉండేవాణ్ణి. రెండు నెలలు సగం జీతం ఇచ్చి, తర్వాత రావద్దన్నారు. మా వీధిలో ఆటోవాళ్ళు, కాంట్రాక్టు పనివాళ్ళు, పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాళ్ళు అందరూ గుమ్మాల్లోనే కూర్చున్నారు. అత్త షెడ్డు మాత్రం ఆగలేదు. మాస్కులు, ఆసుపత్రి గౌన్లు. ఒక ఆర్డరు పూర్తవకముందే ఇంకోటి. ఆ ఏడాదే ఆవిడ కారు కొంది. ఎర్రటి కొత్త కారు, షెడ్డు ముందు పెట్టింది.

మూలమీద టీ కొట్టాయన అన్నాడు, "రోగం మనకి, భోగం ఆవిడికి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఇంట్లో పాలు తేవడానికి మా ఆవిడ పక్కింట్లో అప్పు అడిగింది. సాయంత్రం నేను ఆ కారు ఫోటో తీసి, కింద "శవాల మీద పేలాలు ఏరుకుంటే ఇలాంటివి కొనుక్కోవచ్చు" అని రాసి వీధి గ్రూపులో పెట్టాను. సొంత మేనత్త అని కూడా అనిపించలేదు. నిజం చెప్పాలంటే, సొంత మేనత్త కాబట్టే ఎక్కువ మండింది.

అది ఎక్కడెక్కడికో పోయింది. మర్నాడు పొద్దున్న కారు అద్దం పగిలి ఉంది. షెడ్డు గోడ మీద పేడ కొట్టారు. పనికొస్తున్న ఆడవాళ్ళ ఆటోని వీధి మొగలో ఆపి, "దాని కాడ పనిసేత్తారా, సిగ్గు నేదా" అని తిట్టి వెనక్కి పంపేశారు. నాలుగు రోజులు షెడ్డు మూతపడింది. ఆ ఇరవై ఇళ్ళల్లోనూ పొయ్యి వెలిగించేది ఆ కూలి డబ్బులే. ఆ సంగతి నాకు ఫోటో పెట్టినప్పుడు తట్టలేదు.

అయిదో రోజు అత్త కబురు చేసింది. వెళ్ళేసరికి ఒక్కతే బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తోంది.

"ఆ పేలాల మాట నువ్వే రాసినావు గదా?" అంది, తలెత్తకుండా.

నేను చెప్పులు విప్పుతున్నట్టు కిందికి వంగాను.

"అడుగుతన్నాను. నువ్వేనా?"

"నేనే అత్తా."

"కడుపు మండితే నోటమ్మట పొగొత్తాది. దానికి నాను కోపగించను." కత్తెర కింద పెట్టింది. "గాని తప్పు రాసినావు. కారు కొనడం తప్పేటి? ముప్పయ్యేళ్ళు మిషను తొక్కినాను. నాను సేసిన తప్పు ఏరే ఉంది. అది నీకు అవుపించనేదు."

"ఏంటది?"

"పనిలేక జనం గేటు కాడ నిలబడితే, మాస్కు కుట్టే కూలి తగ్గించీసినాను. తక్కువకి వత్తారని తెలిసి తగ్గించినాను. రాత్తే అది రాయాల."

ఆవిడ గొంతు అలా సన్నబడటం నేను అంతకుముందు వినలేదు. నేను క్షమించమన్నాను. విననట్టే మళ్ళీ కత్తెర అందుకుంది.

ఆ సాయంత్రం షెడ్డు ముందు ఆడవాళ్ళనీ, వీధిలోవాళ్ళనీ పిలిచింది. అందరూ దూరం దూరంగా మూతులకి గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. ఆ గుడ్డల్లో సగం ఆవిడ కుట్టించినవే. అత్త గట్టిగానే చెప్పింది. "కూలి తగ్గించింది నా తప్పు. రేపట్నించి పాత కూలే. తగ్గించినది కూడా ఇచ్చెత్తాను. కారు మాత్రం అమ్మను. అది నా కట్టం."

"గొప్పలు సెప్పకు" అన్నారెవరో వెనకనుంచి. ఆటోని ఆపినవాళ్ళలో ముందున్నవాడి పెళ్ళాం, షెడ్డులో అందరికంటే పెద్దావిడ, వెనక్కి తిరిగి, "నాను రేపు పనికొత్తన్నాను. ఎవలాపుతారో సూత్తాను" అంది. మొగుడు నేల చూశాడు. మర్నాడు షెడ్డు తెరిచారు.

ఇంటికి వెళ్ళబోతుంటే అత్త నన్ను ఆపింది. "ఇది కూడా గ్రూపులో పెట్టు. నాను సెప్పిందంతా. కూలి మాట ఇడిసిపెట్టకు." పెట్టాను. మొదటిది ఊరంతా తిరిగింది. రెండోదాన్ని ఒక్కరు కూడా ఇంకొకరికి పంపలేదు.

వారం తర్వాత నన్ను షెడ్డులో పెట్టుకుంది. దయతో కాదు. ఆర్డర్ల ఉత్తరాలు ఇంగ్లీషులో రాసేవాళ్ళు కావాలంది. మొదటి నెలలో మూడుసార్లు తిట్టింది. కుర్చీ మాత్రం తన బల్ల పక్కనే వేయించింది. కొందరు చివరిదాకా ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. టీ కొట్టాయన మాత్రం సమాధి దగ్గరకొచ్చాడు. మట్టి వేసి, చెయ్యి దులుపుకోకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆవిడని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒక ఆదివారం గుర్తొస్తుంది. డ్రైవింగ్ నేర్చుకున్న కొత్త. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తను పుట్టిన ఊరివైపు తీసుకెళ్ళింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నా సెకండ్ గేరు మార్చలేదు. సబ్బవరం దాటాక ఊడుపులు అవుతున్నాయి. అత్త కారు ఆపి దిగింది. మడిలోంచి ముగ్గురు ఆడవాళ్ళు గట్టుమీదకి వచ్చారు.

"కారు నీదేనేటమ్మా?" అని అడిగింది ఒకామె.

"నాదే. నానే కొనుక్కున్నాను."

ఆమె అద్దంలోంచి లోపలికి తొంగిచూసింది. అత్త వెనక తలుపు తీసింది. "ఎక్కండి. ఊరిదాకా తిప్పుతాను."

"కాళ్ళనిండా బురదమ్మా. అంటుకుపోద్ది."

"అంటుకోనీ."

ముగ్గురూ వెనక సర్దుకున్నారు. నాలుగో ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "నువ్వు దిగరా" అంది అత్త నాతో. దిగాను. నలుగురు ఊడుపు ఆడవాళ్ళతో, అద్దాలన్నీ దించుకుని, ఎర్రకారు సెకండ్ గేరులో మూలుగుతూ చెరువు మలుపు తిరిగిపోయింది. కారు కనబడకుండా పోయాక కూడా వాళ్ళ నవ్వులు చాలాసేపు వినబడుతూనే ఉన్నాయి. నేను వాళ్ళు వదిలిపెట్టిన నారుకట్టల పక్కన, గట్టుమీద నిలబడ్డాను.